ల్యాప్‌టాప్ మైకు మూగబోతే ముందు కాలువ వెంట నడవండి

మిర్యాలగూడలో ఉండే మా చిన్నమ్మ కూతురు ఒక రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేసింది. "అన్నా, రేపు పొద్దుగాల పదింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది. కాల్ చేస్తే అవతలివాళ్ల మాట నాకు మంచిగనే వినవడుతుంది, నా మాట వాళ్లకు వినవడుతలేదు" అంది. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. వారం కిందట ల్యాప్‌టాప్ బాగా స్లో అయిందని ఊళ్లో ఒక షాపులో ఫార్మాట్ కొట్టించింది. మైకు పనిచేయట్లేదని మళ్లీ అక్కడికే తీసుకుపోతే, మైకు పోయింది, బోర్డు పని, నాలుగు రోజులు ఆగాలి, ఐదు వేల దాకా అవుతుంది అన్నారట. నేను నల్లగొండలో, తను అక్కడ, మధ్యలో ఫోను. గంటన్నర పట్టింది గానీ మైకు పలికింది. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

ఇది ఆమె ఒక్కదానికే వచ్చిన కష్టమైతే ఇంత రాసేవాణ్ని కాదు. ఫార్మాట్ తర్వాత మైకు పోవడం, అప్‌డేట్ తర్వాత సౌండ్ పోవడం, బ్లూటూత్ పెట్టగానే పాట డబ్బాలోంచి వస్తున్నట్టు మారిపోవడం, మీటింగ్‌లో అందరూ "మీ వాయిస్ రావట్లేదు" అనడం... పైకి అన్నీ ఒకే రోగంలా కనిపిస్తాయి, లోపల ఒక్కోదానికి ఒక్కో కారణం. అందరూ చెప్పే మందు మాత్రం ఒక్కటే, డ్రైవర్ (సౌండ్ చిప్‌ను విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ వెయ్యమని. చాలాసార్లు డ్రైవర్‌కు ఆ తప్పుతో సంబంధమే ఉండదు, సంబంధం ఉన్నప్పుడేమో ఏ డ్రైవరో తెలియకుండా దొరికిందేదో వేస్తారు, దాంతో ఉన్న సౌండ్ కూడా పోతుంది.

మా వైపు వాళ్లకు కాలువ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ కింద పొలం ఉన్నవాళ్లు చివరి మడికి నీళ్లు రాకపోతే మడి దగ్గర కూర్చుని మన్ను తవ్వరు. కాలువ వెంట పైకి నడుస్తారు. పిల్ల కాలువలో నీళ్లున్నాయా, తూము తెరిచి ఉందా, మధ్యలో ఎవరైనా అడ్డుకట్ట వేశారా, మేజర్ అనే పెద్ద కాలువలోకే నీళ్లు వదల్లేదా అని ఒక్కోటీ చూసుకుంటూ పోతారు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో దొరికితే తప్పు దొరికినట్టే. ల్యాప్‌టాప్‌లో మీ గొంతు ప్రయాణం కూడా అచ్చం అలాంటిదే. మాట ముందు స్క్రీన్ పైభాగంలో కెమెరా పక్కనుండే సన్నటి రంధ్రంలోకి పోతుంది, అక్కడి మైకు దాన్ని కరెంటు సంకేతంగా మారుస్తుంది, అది అంకెలుగా మారి చిప్‌కు చేరుతుంది, చిప్ నుంచి డ్రైవర్ తీసుకుంటుంది, డ్రైవర్ నుంచి విండోస్ ఆడియో సర్వీసు తీసుకుంటుంది, ఆ తర్వాత పర్మిషన్ అనే గేటు, ఆ గేటు దాటాక మీరు వాడే మీటింగ్ యాప్, చివరికి ఇంటర్నెట్. ఇన్ని చేతులు మారే దారిలో ఒక్క చోట తెగినా అవతలివాళ్లకు కనిపించేది ఒకటే ఫలితం, నిశ్శబ్దం.

మూడు చోట్ల చూస్తే చాలు

కాలువ మొత్తం నడవడానికి టైమ్ లేనప్పుడు మూడు చోట్ల తొంగిచూస్తే తప్పు ఏ వైపు ఉందో తేలిపోతుంది. సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్, అందులో సౌండ్ లోకి వెళ్లండి. ఇన్‌పుట్ అని ఉన్నచోట మీ మైకు పేరు జాబితాలో ఉందా లేదా, ఇది మొదటి ప్రశ్న. పేరు ఉంటే దాన్ని ఎంచుకుని మాట్లాడండి, పక్కనున్న వాల్యూమ్ గీత కదులుతుందా, ఇది రెండోది. గీత కదిలితే విండోస్‌తో పాటు వచ్చే సౌండ్ రికార్డర్‌లో పది సెకన్లు రికార్డ్ చేసి వినండి, ఇది మూడోది.

పేరే లేదంటే విండోస్‌కు అక్కడ ఒక మైకు ఉందన్న సంగతే తెలియదు, అంటే తప్పు డ్రైవర్‌లోనో, విండోస్ ఆడియో సర్వీసులోనో, వస్తువులోనో ఉంది, మీటింగ్ యాప్‌ను ఎన్నిసార్లు తీసి వేసినా లాభం లేదు. పేరు ఉండి గీత కదలకపోతే మ్యూట్ అయి ఉండాలి, లేదా జాబితాలో వేరే మైకు ఎంపికై ఉండాలి, లేదా మైకు నిజంగానే చెడిపోయి ఉండాలి. గీత కదిలి రికార్డింగ్ కూడా బాగుంటే మీ ల్యాప్‌టాప్‌కు ఏ జబ్బూ లేదు, తప్పు యాప్‌లో గానీ పర్మిషన్‌లో గానీ ఉంది, ఆ స్థితిలో ఎవరైనా డ్రైవర్ మార్చుదామంటే వద్దనండి. స్పీకర్ విషయంలోనూ ఇంతే. అవుట్‌పుట్ పేరు ఉందా, పాట పెడితే గీత ఆడుతుందా అని చూడాలి. గీత ఆడుతూ శబ్దం రాకపోతే చాలాసార్లు శబ్దం వేరే చోటికి పోతోందని అర్థం. టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టినప్పుడు సౌండ్ టీవీకి మళ్లుతుంది, ఒక్కోసారి మళ్లీ ల్యాప్‌టాప్‌కు మార్చుకోవడం మనమే మర్చిపోతాం.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. విండోస్‌లో డిఫాల్ట్ మైకు ఒకటి కాదు, రెండుంటాయి. మామూలు పనులకు ఒకటి, కాల్స్ కోసం ఇంకొకటి. సౌండ్ పేజీ అడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ నొక్కితే పాత కిటికీ తెరుచుకుంటుంది, అందులో రికార్డింగ్ ట్యాబ్‌లో మైకు మీద కుడి క్లిక్ చేస్తే డిఫాల్ట్ డివైస్, డిఫాల్ట్ కమ్యూనికేషన్ డివైస్ అని రెండూ విడివిడిగా కనిపిస్తాయి. రికార్డర్‌లో గొంతు బాగుండి కాల్‌లో మాత్రం రాకపోతే ఈ రెండూ వేర్వేరు మైకుల మీద ఉన్నాయేమో చూడండి. అదే కిటికీలో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంటుంది. కాల్ మొదలవగానే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించాలని అక్కడ ముందే పెట్టి ఉంటుంది. కాల్‌లో ఉన్నప్పుడు వీడియో సౌండ్ చచ్చిపోయిందని కంగారుపడేవాళ్లు అక్కడ డూ నథింగ్ పెట్టుకుంటే సరిపోతుంది.

డ్రైవర్ అంటే లష్కర్

మా చెల్లె దగ్గర మొదటి ప్రశ్నకే దారి ఆగిపోయింది. ఇన్‌పుట్ జాబితాలో మైకు పేరే లేదు. డివైస్ మేనేజర్ తెరిపించాను, స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే దొరుకుతుంది. ఎక్కడా పసుపు రంగు గుర్తు లేదు. సౌండ్ విభాగంలో హై డెఫినిషన్ ఆడియో డివైస్ అని శుభ్రంగా ఉంది. షాపతను కూడా ఇదే చూసి ఉంటాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, మైకు కనపడట్లేదు, కాబట్టి మైకే పోయింది అనుకుని ఉంటాడు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు, కానీ అసలు సంగతి ఆ మామూలు పేరులోనే ఉంది.

కాలువ మీద గేట్లు తిప్పి నీళ్లు వదిలే లష్కర్ ఉంటాడు. ఏ తూము ఎన్ని చుట్లు తిప్పితే ఎంత నీరు పోతుందో, ఏ గేటు జామ్ అవుతుందో ఆ కాలువ లష్కర్‌కే తెలుసు. డ్రైవర్ పనీ అదే. విండోస్‌కు మీ ల్యాప్‌టాప్‌లోని చిప్ భాష రాదు, డ్రైవర్‌కు వచ్చు. ఫార్మాట్ కొట్టాక కంపెనీ డ్రైవర్ వేయకపోతే విండోస్ తన దగ్గరున్న సాధారణ డ్రైవర్‌ను కూర్చోబెడుతుంది. హై డెఫినిషన్ ఆడియో డివైస్ అనే పేరు కనిపిస్తే కూర్చున్నది అదే. అతను పక్క జిల్లా నుంచి వచ్చిన లష్కర్‌లాంటివాడు, పెద్ద గేటు తిప్పగలడు, మారుమూల తూము ఒకటి ఉందని కూడా అతనికి తెలియదు.

ఆ మారుమూల తూము ఎలా వచ్చిందో తెలిస్తే మొత్తం అర్థమవుతుంది. 2004లో ఇంటెల్ హై డెఫినిషన్ ఆడియో అనే పద్ధతి తెచ్చింది, అంతకుముందు ఏసీ 97 అనేది ఉండేది. ఈ పద్ధతిలో కోడెక్ అనే ఒకే చిప్ స్పీకర్, ఇయర్‌ఫోన్ జాక్, మైకు అన్నిటినీ చూసుకునేది. మన దగ్గర అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ చిప్ తైవాన్ కంపెనీ రియల్‌టెక్‌ది. తర్వాత ల్యాప్‌టాప్‌లలోకి డిజిటల్ మైకులు వచ్చాయి, స్క్రీన్ పైన రెండు రంధ్రాలు కనిపిస్తే జంట మైకులు ఉన్నట్టు. చుట్టూ ఉన్న రొద తీసేసి మాట ఒక్కటే పట్టుకోవడానికి వీటి వైర్లను చాలా మోడళ్లలో కోడెక్‌కు ఇవ్వకుండా నేరుగా ప్రాసెసర్ వైపు ఉండే ఒక చిన్న సౌండ్ ప్రాసెసర్‌కు కలిపారు. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో దాన్ని నడిపేది స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ డ్రైవర్, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో ఆడియో కోప్రాసెసర్ డ్రైవర్. అంటే ఒకే ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు రెండు కాలువలు, ఇద్దరు లష్కర్లు. స్పీకర్, జాక్ ఒక కాలువ మీద, లోపలి మైకు ఇంకో కాలువ మీద. స్పీకర్ మోగుతోంది కదా సౌండ్ డ్రైవర్ ఉన్నట్టే అనుకోవడం ఇక్కడే దెబ్బతింటుంది.

దీన్ని తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఫోన్‌తో వచ్చిన మైకు ఉన్న ఇయర్‌ఫోన్స్ జాక్‌లో పెట్టించాను. వెంటనే జాబితాలో ఒక మైకు పేరు వచ్చింది, గీత లేచింది. జాక్ మైకు కోడెక్ కాలువ మీద ఉంటుంది, అది పనిచేస్తోంది, లోపలి మైకు మాత్రం కనపడట్లేదు, కాబట్టి రెండో లష్కర్ లేడు. "ఇంకేం కాకపోయినా రేపు ఈ ఇయర్‌ఫోన్స్‌తోనే ఇంటర్వ్యూ ఇవ్వచ్చు, టెన్షన్ పడకు" అన్నాను. ఆ మాటకు ఆమె కొంచెం ఊపిరి పీల్చుకుంది. అలాంటి రాత్రి ముందు చేయాల్సింది రేపటికి ఒక దారి చూపించడం, పూర్తి రిపేర్ ఆ తర్వాత.

తర్వాత ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదున్న సీరియల్ నంబర్ చదివించి, ఆ ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సపోర్ట్ సైట్‌లో ఆ నంబర్ కొట్టించాను. ఆడియో కింద రెండు ఫైళ్లు ఉన్నాయి, ఒకటి ఇంటెల్ స్మార్ట్ సౌండ్, ఒకటి రియల్‌టెక్. ఫోన్ హాట్‌స్పాట్ మీద డౌన్‌లోడ్ కావడానికే ఎక్కువ సేపు పట్టింది. ముందు ఇంటెల్‌ది వేసి రీస్టార్ట్, తర్వాత రియల్‌టెక్ వేసి మళ్లీ రీస్టార్ట్. రెండోసారి ఆన్ అయ్యాక జాబితాలో మైక్రోఫోన్ ఎర్రే అని పేరు వచ్చింది. "గీత లేస్తుందన్నా" అంది. ఆ మాట వినడానికి గంటన్నర కూర్చోవడంలో నాకు ఏ కష్టమూ అనిపించలేదు.

కొన్ని మోడళ్లలో ఇదే లోపం ఇంకోలా కనిపిస్తుంది. డివైస్ మేనేజర్‌లో అదర్ డివైసెస్ కింద మల్టీమీడియా ఆడియో కంట్రోలర్ అని పసుపు గుర్తుతో ఉంటుంది, స్పీకర్ కూడా పలకదు. ఇది నిజానికి సులువైన కేసు, ఎందుకంటే తప్పు కళ్లముందే ఉంది. దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే కోడ్ కనిపిస్తుంది. కోడ్ 28 అంటే డ్రైవర్ అసలు వేయలేదు, కోడ్ 10 అంటే డ్రైవర్ ఉన్నా డివైస్ మొదలు కావట్లేదు. ఏ కంపెనీ చిప్ అన్నది తెలియకపోతే ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కు పోయి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. వీఈఎన్ అన్న అక్షరాల పక్కన 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 1022 ఉంటే ఏఎండీ, 8086 ఉంటే ఇంటెల్. ఈ 8086 ఇంటెల్ 1978లో తెచ్చిన ప్రాసెసర్ నంబరే.

డ్రైవర్ ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది డ్రైవర్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. ఒకే రియల్‌టెక్ చిప్‌ను పది కంపెనీలు పది రకాలుగా వైరింగ్ చేస్తాయి, ఏ పిన్‌కు స్పీకర్, ఏ పిన్‌కు జాక్, స్పీకర్ ఎంత శబ్దం తట్టుకోగలదు అన్న లెక్కలు ఆ ల్యాప్‌టాప్ కంపెనీ దగ్గరే ఉంటాయి. అందుకే చిప్ కంపెనీ ఇచ్చే సాధారణ డ్రైవర్ వేస్తే ఒక్కోసారి సౌండ్ పలచగా, బేస్ లేకుండా వస్తుంది. గూగుల్‌లో వెతగ్గానే పైన కనిపించే డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం దయచేసి పోవద్దు, అవి మోడల్‌కు సరిపడనివి వేస్తాయి, డబ్బులు అడుగుతాయి, కొన్నిటితో పాటు అక్కర్లేని చెత్త కూడా లోపలికి వస్తుంది. కంపెనీ సైట్ తర్వాత నమ్మదగింది విండోస్ అప్‌డేటే. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ కింద డ్రైవర్లు విడిగా ఉంటాయి, చాలామంది ఆ పేజీ చూడనే చూడరు.

వెర్షన్ తేడా ఎంత పని చేస్తుందో 2021లో అందరూ చూశారు. 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మెషీన్లలో 5152తో ముగిసే స్మార్ట్ సౌండ్ డ్రైవర్ ఉంటే విండోస్ 11 వేసినప్పుడు బ్లూ స్క్రీన్ వచ్చే ప్రమాదం ఉందని మైక్రోసాఫ్ట్ అలాంటి ల్యాప్‌టాప్‌లకు అప్‌గ్రేడ్‌నే ఆపింది. 5714తో ముగిసే వెర్షన్ వేసుకుంటే ఆ అడ్డు తొలగింది. సౌండ్ డ్రైవర్ ఒక్కటి మొత్తం విండోస్ అప్‌గ్రేడ్‌ను నిలబెట్టేసింది. ఇప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. విండోస్ 10కు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, పాత ల్యాప్‌టాప్‌లకు షాపుల్లో విండోస్ 11 వేసి ఇస్తున్నారు. ఆ పాత మోడళ్లకు కంపెనీ సైట్‌లో విండోస్ 11 డ్రైవర్ దొరక్కపోతే అదే మోడల్‌కు ఉన్న విండోస్ 10 ఆడియో డ్రైవర్ వేసి చూడండి, చాలావాటిలో పనిచేస్తుంది. ఫార్మాట్‌కు ఇచ్చే ముందే డ్రైవర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టమని అడగడం ఇంకా మంచిది, విండోస్‌లోనే ఉన్న డిసమ్ అనే కమాండ్‌తో ఆ పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది, అడిగితే షాపువాళ్లు కాదనరు, అడగకపోతే చేయరు.

అప్‌డేట్ తర్వాత సౌండ్ పోయిన కేసు దీనికి తలకిందులు. అక్కడ కొత్త డ్రైవర్ అక్కర్లేదు, పాతది వెనక్కి రావాలి. డివైస్ మేనేజర్‌లో ఆ ఆడియో డివైస్ ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ డ్రైవర్. ఆ బటన్ మసకగా ఉంటే వెనక్కి పోవడానికి పాతది లేదని అర్థం, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేసి కంపెనీ సైట్ నుంచి వేసుకోవాల్సిందే. దానికంటే ముందు ఒక్కసారి స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి, విండోస్ ఆడియో, విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్ అనే రెండూ నడుస్తున్నాయో లేదో చూసి రీస్టార్ట్ చేయండి. ఈ రెండో సర్వీసే స్పీకర్లను, మైకులను పేరుపేరునా జాబితాలో పెట్టేది. అది పడిపోతే మంచి డ్రైవర్ ఉన్నా జాబితా ఖాళీగా ఉంటుంది.

గేటు మూసి ఉంటే

పర్మిషన్ గురించి క్లుప్తంగానే చెప్తాను, ఎందుకంటే తప్పు చిన్నదే, దొరికితే నిమిషంలో పోతుంది. 2018 ఏప్రిల్ నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి ప్రైవసీ సెట్టింగ్స్‌లోని మైకు స్విచ్ మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రాములను కూడా ఆపగలుగుతోంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, మైక్రోఫోన్. అక్కడ మొత్తానికి ఒక స్విచ్, యాప్స్‌కు ఒకటి, అడుగున డెస్క్‌టాప్ యాప్స్‌కు ఇంకొకటి. మూడూ ఆన్‌లో ఉండాలి. బ్రౌజర్‌లో మీటింగ్ పెడితే బ్రౌజర్‌కు మళ్లీ తన సొంత గేటు ఉంటుంది, వెబ్ అడ్రస్ పక్కన చిన్న గుర్తు నొక్కితే ఆ సైట్‌కు మైకు ఇచ్చామో లేదో కనిపిస్తుంది. ఎప్పుడో తొందర్లో బ్లాక్ నొక్కి ఉంటాం, బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. కీబోర్డ్ మీద మైకు బొమ్మ ఉన్న కీ కూడా చూడండి, చాలా ల్యాప్‌టాప్‌లలో దానికి చిన్న లైటు ఉంటుంది, పిల్లలు ఆడుతూ నొక్కేస్తే విండోస్‌లో అంతా సరిగ్గానే కనిపిస్తూ గీత మాత్రం పడుకునే ఉంటుంది.

బ్లూటూత్ గోస

మహబూబ్‌నగర్‌లో పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పే మిత్రుడొకాయన కొత్త బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కొని వారానికే డ్రైవర్ పాడైందని అన్నాడు. పాట పెడితే అద్భుతం, క్లాసు మొదలుపెట్టగానే అవతలి గొంతు బావిలోంచి వచ్చినట్టు, ఈయన గొంతు పిల్లలకు గరగర. డ్రైవర్లు రెండుసార్లు వేశాడు. అసలు అక్కడ పాడైంది ఏమీ లేదు.

మనం వాడే బ్లూటూత్‌కు రెండు పద్ధతులుంటాయి. పాటల కోసం ఏ2డీపీ, అది స్టీరియోలో మంచి నాణ్యతతో ఇస్తుంది, కానీ శబ్దం ఒక వైపే, ల్యాప్‌టాప్ నుంచి చెవికి. కాల్స్ కోసం హ్యాండ్స్ ఫ్రీ, అందులో మాట రెండు వైపులా పోవాలి కాబట్టి ఉన్న జాగా పంచుకోవాల్సి వస్తుంది. పాత హ్యాండ్స్ ఫ్రీలో గొంతును సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలుస్తారు, కొత్తగా మెరుగుపరిచిన దానిలో 16,000 సార్లు. సీడీ పాటలో ఆ కొలత 44,100. మీటింగ్ యాప్ ఇయర్‌బడ్స్ మైకును తెరిచిన క్షణంలోనే విండోస్ మొదటి పద్ధతి వదిలి రెండో దానికి మారుతుంది, అందుకే పాట కూడా టెలిఫోన్‌లో విన్నట్టు అయిపోతుంది. విండోస్ 10లో ఒకే ఇయర్‌బడ్స్‌కు స్టీరియో, హ్యాండ్స్ ఫ్రీ అని రెండు పేర్లు కనిపించేవి, విండోస్ 11 రెండిటినీ ఒకే పేరు కింద కలిపేసింది, చూడ్డానికి బాగుంది గానీ ఏం జరుగుతోందో తెలుసుకోవడం కష్టమైంది.

దీనికి మందు డ్రైవర్‌లో లేదు. యాప్‌లో స్పీకర్‌గా ఇయర్‌బడ్స్‌ను, మైకుగా ల్యాప్‌టాప్ లోపలి మైకును పెట్టుకుంటే బ్లూటూత్ మొదటి పద్ధతిలోనే ఉండిపోతుంది. మిత్రుడితో అదే చేయించాను, ఆ సాయంత్రమే పిల్లలు "సార్, ఇప్పుడు మంచిగ వినిపిస్తుంది" అన్నారట. ల్యాప్‌టాప్, ఇయర్‌బడ్స్ రెండూ ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతికి తయారైనవి అయితే విండోస్ 11లో ఈ బాధ తగ్గుతుంది. కొనేటప్పుడు డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

జాక్, దుమ్ము, ఎర్త్

వైరు ఇయర్‌ఫోన్స్ వాడేవాళ్లు ముందు పిన్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండే ఉంటే అందులో మైకు లేదు, మూడుంటే ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఒకటే జాక్ ఉంటుంది, మూడు గీతల పిన్‌కు సరిపోతుంది. పాత వాటిలో మైకుకు ఒకటి, చెవికి ఒకటి విడిగా ఉండేవి, వాటికి ఈ పిన్ పెడితే మాట వినిపిస్తుంది గానీ మైకు పలకదు. రెండుగా చీలే చిన్న వైరు ఒకటి కొనుక్కుంటే సరి.

జాక్ లోపల పిన్ దూరిందని చెప్పే చిన్న స్విచ్ ఉంటుంది. అది ఇరుక్కుపోతే పిన్ తీసేశాక కూడా ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్స్ ఉన్నాయనే అనుకుంటుంది, స్పీకర్లను ఆపేస్తుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్క ఇళ్లలో, పత్తి తీసే రోజుల్లో మన ఊళ్లన్నిటిలో గాల్లో ఎంత నూగు, దుమ్ము ఉంటుందో తెలిసిందే, అది జాక్‌లో చేరి గట్టిపడుతుంది. ఇయర్‌ఫోన్ పిన్‌ను పది పదిహేనుసార్లు పెట్టి తీస్తే చాలాసార్లు స్విచ్ వదులుతుంది. నూనె పోయడం, సూదితో గెలకడం అస్సలు చేయొద్దు. మైకు రంధ్రంలో కూడా సూది పెట్టకండి, లోపలున్న పొర వెంట్రుక కంటే సున్నితమైనది, ఆ ఒక్క పోటుతో మంచి మైకు నిజంగానే పోతుంది.

గొంతు వెనక ఎప్పుడూ గూఁ అనే మోత వస్తుంటే చార్జర్ తీసి బ్యాటరీ మీద మాట్లాడి చూడండి. మోత ఆగితే తప్పు చాలాసార్లు ల్యాప్‌టాప్‌ది కాదు, ఇంటి ఎర్తింగ్‌ది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఎర్త్ సరిగ్గా లేకపోతే ఆ మోతే చార్జర్ ద్వారా మైకులోకి ఎక్కుతుంది. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంటుంది గానీ వెనక వైరే ఉండని ఇళ్లు నేను చాలా చూశాను. ల్యాప్‌టాప్ లోహపు బాడీ ముట్టుకుంటే సన్నగా జిలజిల అనిపిస్తే అదే గుర్తు, సౌండ్ కోసం కాకపోయినా మనుషుల కోసం ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ వేయించండి.

గొంతు మరీ చిన్నగా పోతుంటే పాత సౌండ్ కిటికీలో మైకు ప్రాపర్టీస్, లెవెల్స్. అక్కడ మైక్రోఫోన్ బూస్ట్ ఉంటే 10 లేదా 20 డెసిబెల్స్ పెంచండి, 30కి పెంచితే ఫ్యాన్ చప్పుడు కూడా పెద్దదవుతుంది. గొంతు మధ్యమధ్యలో మింగేసినట్టు అవుతుంటే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి, ఎందుకంటే విండోస్ ఒకసారి, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒకసారి, మీటింగ్ యాప్ ఇంకోసారి రొద తీస్తూ పోతే చివరికి మాటే మిగలదు. శబ్దం చిటపటలాడుతూ తెగుతుంటే అది వేరే కథ. విండోస్ మామూలుగా శబ్దాన్ని 10 మిల్లీసెకన్ల ముక్కలుగా అందిస్తుంది, ఏదైనా వేరే డ్రైవర్, ఎక్కువగా వైఫైది, ప్రాసెసర్‌ను అంతకంటే ఎక్కువ సేపు పట్టుకుంటే ఒక ముక్క ఆలస్యమై చిటుక్కుమంటుంది. ఆడియో డ్రైవర్‌ను వదిలేసి వైఫై డ్రైవర్‌ను అప్‌డేట్ చేయండి, బ్యాటరీ సేవర్ తీసి చూడండి.

నిజంగానే పోయిందా

ఇవన్నీ చూశాక కూడా పలకకపోతే వస్తువు మీద అనుమానం పెట్టుకోవచ్చు, అది కూడా తేల్చుకున్నాకే. విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఉబుంటును పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అని నొక్కి నడిపించండి. ఇది మీ విండోస్‌ను, దాని డ్రైవర్లను అస్సలు ముట్టుకోదు. అక్కడ మైకు, స్పీకర్ పలికితే వస్తువు బాగుంది, తప్పు విండోస్‌లో ఉంది. అక్కడ కూడా పలకకపోతే వస్తువు పోయినట్టేనని వెంటనే అనకండి, సౌండ్ సెట్టింగ్స్‌లో డమ్మీ అవుట్‌పుట్ అని కనిపిస్తే ఉబుంటుకు కూడా ఆ చిప్ అర్థం కాలేదని అర్థం, సౌండ్ చిప్‌కు కావాల్సిన సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ఫైళ్లు లేకపోతే కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇలా అవుతుంది. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఆన్ చేస్తూ ఒక కీ నొక్కితే విండోస్ రాకముందే హార్డ్‌వేర్ పరీక్ష నడుస్తుంది, అందులో స్పీకర్ మోగితే ఇంకో సాక్ష్యం.

షాపుకు పోయేటప్పుడు "సౌండ్ రావట్లేదు" అని మాత్రమే చెప్పకండి. "జాబితాలో పేరుంది, గీత లేవట్లేదు, జాక్ మైకు పనిచేస్తోంది, ఉబుంటులో కూడా లోపలి మైకు పలకట్లేదు" అని చెప్పండి. అప్పుడు అతను చూడాల్సింది స్క్రీన్ మడత దగ్గర వైరు, మైకు ముక్క, ఈ రెండే. ఆ రెండూ బోర్డు కంటే చాలా చవక. స్క్రీన్ రోజుకు ఎన్నోసార్లు తెరిచి మూసే చోట ఆ సన్న వైరు నలగడం మామూలే.

కోడెక్ చిప్పే పోతే బోర్డు మార్చే ముందు ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డ్ తెప్పించుకోండి, పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, కొన్ని వందల్లో దొరుకుతుంది. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర జాక్. దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనూ ఉబుంటులోనూ ముందే ఉంటుంది, పెట్టగానే జాబితాలో కొత్త పేరుతో కనిపిస్తుంది. మా చెల్లెకు కూడా ఒకటి కొని పంపాను, బ్యాగ్‌లో పెట్టుకోమని.